ఎడమ చేతికి పని చెప్పండి

ప్రశ్న: చెల్లెమ్మా, మాది తెనాలి. నాకు 47 ఏళ్లు. పదిహేనేళ్లుగా మగ్గం వర్క్ చేసేవాళ్లకు జాకెట్టు డిజైన్లు గీసి ఇస్తున్నాను. తీరిక దొరికితే వాటర్ కలర్స్ వేస్తాను. మొన్న సంక్రాంతికి మా అమ్మాయి పెన్ ట్యాబ్లెట్ (పెన్నుతో దాని మీద గీస్తే బొమ్మ కంప్యూటర్ స్క్రీన్ మీద పడే పలక) కొనిచ్చి, తన పాత ల్యాప్‌టాప్‌లో క్రిటా అనే బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్ ఎక్కించి వెళ్లింది. ఎనభై కీబోర్డు షార్ట్‌కట్‌ల లిస్టు ప్రింటు తీసి గోడకు అంటించింది. రోజుకు పది చొప్పున బట్టీ పడుతున్నాను. మర్నాటికి ఒక్కటీ గుర్తుండటం లేదు. చేయి ఒకచోట, బొమ్మ ఇంకోచోట ఉండేసరికి గీత వంకరపోతోంది. ఏదో నొక్కితే ఏదో అయిపోతోంది, టెన్షన్ వచ్చి మూసేస్తున్నాను. షార్ట్‌కట్‌లన్నీ వచ్చాకే బొమ్మ మొదలుపెట్టాలా? ఫోటోషాప్ వస్తేనే పని దొరుకుతుందని కొందరు అంటున్నారు, నిజమేనా? ఈ వయసులో నాకు ఇది వస్తుందా?

సమాధానం:

అక్కయ్యగారూ, నమస్కారం.

ముందుగా గోడ మీది ఆ లిస్టు తీసి సొరుగులో పెట్టేయండి. మీ అమ్మాయి ప్రేమగానే అంటించింది, కాదనను. కానీ షార్ట్‌కట్‌లు బట్టీ పడితే వచ్చేవి కావు. పోపుల డబ్బాలో ఆవాలు ఏ గిన్నెలో ఉన్నాయో, మెంతులు ఏ గిన్నెలో ఉన్నాయో మీరెప్పుడైనా రాసుకుని చదివారా? నూనె కాగుతుంటే చేయి దానంతట అదే వెళ్తుంది. అవసరం పడినప్పుడు వెతుక్కున్నదే చేతికి గుర్తుంటుంది.

ఈసారి వాటర్ కలర్ వేసేటప్పుడు మీ ఎడమ చేతిని గమనించండి. కుంచె కుడి చేతిలో ఉంటుంది కాబట్టి ఎవరైనా దాన్నే చూస్తారు. ఎడమ చేయి మాత్రం ఊరికే ఉండదు. కాగితం కదలకుండా పట్టుకుంటుంది. వంపు గీయాలంటే కాగితాన్ని కాస్త తిప్పుతుంది. సన్నపని వస్తే దగ్గరికి లాక్కుంటుంది. నీరు ఎక్కువైతే గుడ్డతో అద్దుతుంది. పాలెట్‌ను కుంచె దగ్గరికి జరుపుతుంది. ఇవేవీ మీకు ఎవరూ నేర్పలేదు.

ట్యాబ్లెట్ ముందు కూర్చునేసరికి ఆ చేతికి పని పోయింది. అది ఒళ్లో ఖాళీగా పడి ఉంది. రెండు చేతుల పనీ కుడి చేయే చేస్తోంది. గీత మధ్యలో ఆపి, పెన్నును స్క్రీన్ మూలకు తీసుకెళ్లి, ఐకాన్ వెతికి, నొక్కి, మళ్లీ బొమ్మ దగ్గరికి వచ్చేసరికి ఏ గీత గీయాలనుకున్నామో మర్చిపోతాం. మీకు వస్తున్న టెన్షన్‌లో సగం ఇదే. షార్ట్‌కట్ అంటే ఎడమ చేతికి దాని పాత పని తిరిగి అప్పజెప్పడం, అంతే. మీరు ఎడమచేతి వాటం వారైతే ఇదంతా తిప్పి చదువుకోండి.

మీ ఆఖరి ప్రశ్నకు ముందే జవాబు చెప్పేస్తాను: వస్తుంది. పదిహేనేళ్లు జాకెట్టు మెడలకు లతలు గీసిన చేతికి గీత రావడమే కష్టమైన భాగం, అది మీకు ఎప్పుడో వచ్చేసింది. మిగిలింది పనిముట్టు అలవాటు కావడమే.

మీ అమ్మాయి క్రిటా ఎక్కించడం నాకు చాలా నచ్చింది. అది 1999లో మొదలైన ప్రాజెక్టు. ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్లో కలిసి రాస్తున్న సాఫ్ట్‌వేర్, దాని సొంత వెబ్‌సైట్ నుంచి ఉచితంగా దించుకోవచ్చు. ఆ పేరు ముఖ్యంగా స్వీడిష్ భాషది, అక్కడ క్రిటా అంటే సుద్దముక్క, క్రేయాన్. మహాభారతంలోని ‘కృత’ అనే మాట కూడా ఆ పేరు వెనక ఉందని చెబుతారు. కృతయుగంలోని కృతం, లోపం లేనిది అనే అర్థంలో. నాకు ఆ రెండో కథ ఎక్కువ ఇష్టం.

ఇక పనిలోకి వద్దాం. గీత వంకరపోతోందన్నారు. తప్పు మీ చేతిదో, సెట్టింగ్‌దో ముందు తేల్చుకుందాం. ఒక గాజు తీసి ట్యాబ్లెట్ మీద పెట్టండి. లోపలి అంచు వెంట పెన్ను తిప్పండి. స్క్రీన్ మీద గుండ్రంగా వస్తే సరే. కోడిగుడ్డులా సాగిందంటే ట్యాబ్లెట్ కొలతలు, స్క్రీన్ కొలతలు ఒకే నిష్పత్తిలో లేవని అర్థం. అలాంటప్పుడు మీరెంత బాగా గీసినా బొమ్మ సాగిపోతూనే ఉంటుంది. ట్యాబ్లెట్‌తో వచ్చిన డ్రైవర్ ప్రోగ్రామ్ తెరిస్తే ‘ఫోర్స్ ప్రొపోర్షన్స్’ లాంటి పేరుతో ఒక టిక్ ఉంటుంది, అది పెట్టండి. మళ్లీ గాజుతో చూడండి. చాలామంది ఈ ఒక్క టిక్ లేక నెలల తరబడి తమ చేతినే తిట్టుకుంటారు.

రెండోది, ‘బేసిక్-5 సైజ్’ బ్రష్‌తో గట్టిగా నొక్కితే లావుగా, తేలిగ్గా ఆనిస్తే సన్నగా గీత రావాలి. ఎలా నొక్కినా ఒకే లావు వస్తుంటే క్రిటాలో సెట్టింగ్స్ మెనూలో ‘కాన్ఫిగర్ క్రిటా’ తెరిచి, ‘ట్యాబ్లెట్ సెట్టింగ్స్’లోకి వెళ్లండి. విండోస్‌లో అయితే అక్కడ విన్‌ట్యాబ్, విండోస్ ఇంక్ అని రెండు ఉంటాయి. ఏది ఆన్‌లో ఉంటే దాన్ని మార్చి రెండోది పెట్టి, క్రిటా మూసి తెరవండి. పెన్ను ఒత్తిడిని చూపే గీత కూడా అక్కడే ఒకటి కనిపిస్తుంది. మీది తేలికైన చేయి అయితే దాని మధ్యభాగాన్ని కాస్త పైకి లాగండి, కొంచెం ఆనించినా గీత నిండుగా పడుతుంది.

చేయి ఒకచోట, బొమ్మ ఒకచోట అనే ఇబ్బందికి మాత్రం సెట్టింగ్ లేదు, సాధనే ఉంది. ఇంటర్నెట్‌లో చూస్తే వంద నిలువు గీతలు, వంద సున్నాలు గీయమంటారు. నేను మీకు అది చెప్పను. మీరు చుక్కల ముగ్గు వేయండి.

కంట్రోల్, ఎన్ నొక్కి కొత్త కాగితం తెరవండి. ఏ4 సైజు, 300 రిజల్యూషన్ (అంగుళానికి 300 పిక్సెళ్లు, అంటే సన్నటి రంగు చుక్కలు) పెట్టుకోండి. ఏడు చుక్కలు ఏడు వరుసలు, మామూలుగా వాకిట్లో పెట్టినట్టే. ఇక్కడ ఒక విషయం గమనించాలి. పెన్ను ట్యాబ్లెట్‌కు తగలకపోయినా, కాస్త పైన ఉన్నప్పుడే స్క్రీన్ మీద కర్సర్ కదులుతుంది. అంటే గీత పడే ముందే ఎక్కడ పడుతుందో మీకు కనిపిస్తుంది. పెన్నును గాలిలోనే జరిపి, చుక్క పెట్టాల్సిన చోటికి కర్సర్ వచ్చాక కిందికి దించండి. చేతి వైపు చూడకండి, స్క్రీనే చూడండి. మొదటి రోజు చుక్కలు అటూ ఇటూ పోతాయి. తర్వాత చుక్కల చుట్టూ మెలిక తిప్పుతూ గీత తీసుకురండి. ఈ ముగ్గు ఎంత గొప్ప అభ్యాసమో చూడండి: కన్ను ఒక చుక్క ముందు ఉంటుంది, చేయి వెనకే వస్తుంది. డిజిటల్ గీతకు కావలసింది సరిగ్గా అదే. రోజూ ఒక ముగ్గు వేస్తే పది పదిహేను రోజుల్లో కన్ను, చేయి కలుస్తాయి. నాకైతే పూర్తిగా అలవాటు కావడానికి రెండు నెలలు పట్టింది, అప్పుడు నాకీ ముగ్గు ఆలోచన తట్టలేదు.

ముగ్గు వేసేటప్పుడు ఒక నియమం పెట్టుకోండి. కంట్రోల్, జెడ్ నొక్కకండి. అది వేసిన గీతను వెనక్కి తీసేస్తుంది, దొరికిందంటే వదలబుద్ధి కాదు. ఒక్కో గీత వేయడం, తీయడం, మళ్లీ వేయడం అలవాటైపోతుంది. వాకిట్లో పిండి వదిలాక వెనక్కి రాదు కదా, అందుకే మీ ముగ్గు గీతలో అంత ధీమా ఉంటుంది. ఆ ధీమా పోగొట్టుకోవద్దు. జాకెట్టు డిజైన్ గీసేటప్పుడు తప్పుపోతే తప్పక వాడండి. అభ్యాసంలో మాత్రం వద్దు.

ఇప్పుడు ఎడమ చేయి. కీబోర్డు మీద ఎడమవైపు వాల్చి పెట్టండి. చిటికెన వేలు షిఫ్ట్, కంట్రోల్ దగ్గర, బొటనవేలు స్పేస్ బార్ మీద. ఇదే దాని ఇల్లు. స్పేస్ బార్ నొక్కి పట్టుకుని పెన్నుతో లాగితే కాగితం జరుగుతుంది. షిఫ్ట్ కూడా కలిపి పట్టుకుంటే కాగితం తిరుగుతుంది. షిఫ్ట్ బదులు కంట్రోల్ కలిపితే దగ్గరికి, దూరానికి వస్తుంది. జరపడం, తిప్పడం, దగ్గరికి లాక్కోవడం, మీ ఎడమ చేయి కాగితంతో చేసే మూడు పనులూ ఇక్కడే అయిపోయాయి. బొటనవేలు కదలను కూడా లేదు. తిప్పీ తిప్పీ ఎటు పైనో తెలియకపోతే 5 అంకె నొక్కండి, కాగితం నిటారుగా నిలబడుతుంది. 2 నొక్కితే బొమ్మ మొత్తం స్క్రీన్‌లో పడుతుంది.

గుడ్డ పని ఇంగ్లీషు ‘ఇ’ (E) అక్షరానిది. ఒకసారి నొక్కితే చేతిలో ఉన్న బ్రష్ అదే ఆకారంతో చెరిపే బ్రష్ అవుతుంది, మళ్లీ నొక్కితే వేసే బ్రష్ అవుతుంది. పాలెట్ పని కంట్రోల్‌ది. బ్రష్ చేతిలో ఉండగా కంట్రోల్ పట్టుకుని బొమ్మ మీద ఎక్కడ తాకితే అక్కడి రంగు కుంచెకు అంటుకుంటుంది. నా లెక్కలో డిజిటల్ పెయింటింగ్ మొత్తానికి ప్రాణం ఈ ఒక్క కీ. ఎందుకో కింద వంకాయ దగ్గర చెబుతాను.

కుంచె లావు మార్చడానికి అన్ని లిస్టుల్లోనూ చదరపు బ్రాకెట్లు రాస్తారు. అవి పనిచేస్తాయి, కానీ కీబోర్డులో కుడి చివర ఉన్నాయి. ఎడమ చేయి అంత దూరం వెళ్లి రావాలంటే ఇల్లు వదిలినట్టే. దాని బదులు షిఫ్ట్ పట్టుకుని పెన్నును కాగితం మీద పక్కకు లాగండి. కుడివైపుకి లాగితే లావు, ఎడమవైపుకి లాగితే సన్నం. కళ్ల ముందే వలయం పెరుగుతూ తరుగుతూ కనిపిస్తుంది.

ఇక పెన్ను పక్కనున్న బొత్తాం. మామూలుగా అది రైట్ క్లిక్‌గా ఉంటుంది. బొమ్మ మీద నొక్కితే మధ్యలో రంగుల చక్రం, చుట్టూ మీకిష్టమైన బ్రష్‌లతో ఒక గుండ్రటి పళ్లెం తెరుచుకుంటుంది. క్రిటాలో నాకు అన్నిటికంటే నచ్చింది ఈ పళ్లెమే. రంగు కోసం, బ్రష్ కోసం అంచులకు పరిగెత్తక్కర్లేదు.

లెక్కపెట్టండి. స్పేస్, షిఫ్ట్, కంట్రోల్, ఇ, 5, 2. ఆరు కీలు, ఒక బొత్తాం. నెల రోజులు ఇవి చాలు. చిన్న కాగితం ముక్క మీద మీ చేతిరాతతో, మీ మాటల్లో రాసుకోండి: ‘గుడ్డ – ఇ’, ‘తిప్పు – షిఫ్ట్ స్పేస్’, ‘రంగు ముంచు – కంట్రోల్’. పనిముట్టు పేరు కాకుండా చేసే పని పేరు రాసుకుంటే చేయి దాన్ని పట్టుకుంటుంది. ఏడో కీ కావాలని మీకే అనిపించిన రోజు, ఒకే పని కోసం పెన్నును మూలకు తీసుకెళ్లడం ఒకే పూటలో పదిసార్లు అయిన రోజు, సొరుగులో లిస్టు తీసి ఆ ఒక్కటీ చూసుకోండి.

ఇప్పుడు వంకాయ. ముగ్గుతో చేయి కుదిరాక మొదటి రంగుల బొమ్మగా మెరిసే ముదురు వంకాయనొకటి కిటికీ పక్కన పళ్లెంలో పెట్టుకోండి. ఆకారం తేలిక, మెరుపు ఉంటుంది, తొడిమ దగ్గర ఆకుపచ్చ ఉంటుంది. నేర్చుకోవడానికి కావలసినవన్నీ దాంట్లో ఉన్నాయి.

కొత్త లేయర్ (కాగితం మీద పరిచే పారదర్శకమైన పొర లాంటిది) ఒకటి తెరవండి. ఇన్సర్ట్ కీ నొక్కితే వస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లో ఆ కీ లేకపోతే లేయర్ల పెట్టె కింద ప్లస్ గుర్తు ఉంటుంది. ‘బేసిక్-1’ అనే బ్రష్‌తో వంకాయ ఆకారం మొత్తం ఒకే ఊదా రంగుతో నింపేయండి, వెలుగునీడలేమీ వద్దు. అంచు ‘ఇ’తో చెక్కుకుంటూ రండి. వేయడం, ఇ నొక్కడం, చెక్కడం, ఇ నొక్కడం, వేయడం. ఐదు నిమిషాలకు మీరా కీ గురించి ఆలోచించడం మానేస్తారు. తర్వాత లేయర్ పేరు పక్కన గళ్లగళ్లుగా ఉన్న చిన్న గుర్తును నొక్కండి. దాన్ని ఆల్ఫా లాక్ అంటారు. ఇక మీరెంత అడ్డదిడ్డంగా రుద్దినా రంగు వంకాయ దాటి బయటకు పోదు.

ఇప్పుడు ‘బేసిక్-2 ఒపాసిటీ’ బ్రష్ తీసుకోండి. ఇది నొక్కేకొద్దీ ముదురుగా, తేలిగ్గా ఆనిస్తే పలచగా పడుతుంది. మీ వాటర్ కలర్ చేతికి బాగా దగ్గరిది. కిటికీకి ఎదురుగా లేని వైపు నలుపుకు దగ్గరగా ఉన్న ఊదా వేయండి. కిటికీ వైపు కాస్త ఎరుపు కలిసిన ఊదా. రెండింటి మధ్య అతుకు గట్టిగా, ముతకగా కనిపిస్తుంది. ఇక్కడ కొత్తవాళ్లు రంగులను అలికే బ్లెండర్ బ్రష్ తీసి రుద్దుతారు. వంకాయ మైనం బొమ్మలా తయారవుతుంది. మీరు అది చేయకండి. ముదురు రంగు మీద కంట్రోల్‌తో తాకండి, ఆ రంగు కుంచెకు వచ్చింది. తేలిగ్గా అతుకు మీదికి ఒక పూత లాగండి. పూత పడిన చోట రెంటికీ మధ్యరంగు ఒకటి పుట్టింది. ఇప్పుడు ఆ కొత్త రంగునే కంట్రోల్‌తో తాకి తీసుకోండి. దాంతో ఇంకో పూత. అక్కడ పుట్టిన రంగు మళ్లీ తీసుకోండి. తాకు, పూయి, తాకు, పూయి. చిటికెన వేలు కిందికి, పైకి. పెన్ను అడుగు అటు, అడుగు ఇటు. రెండు నిమిషాల్లో అతుకు కరిగిపోతుంది. కుంచె జాడలు మాత్రం ఉంటాయి, వంకాయ గుండ్రంగా తిరుగుతుంది. పాలెట్‌లో రెండు రంగులు కలిపి మూడోది చేసే పనే ఇది, ఇక్కడ పాలెట్టూ కాగితమూ ఒక్కటే.

మెరుపుకు తెల్లరంగు తీసుకోకండి. కిటికీలోంచి పడేది ఆకాశం వెలుగు, దాంట్లో నీలం ఉంటుంది. పలచటి నీలి బూడిద రంగు వేసి, దాని నడిబొడ్డున ఒక్కచోటే తెల్లగా చుక్క పెట్టండి. పళ్లెం అంచు నుంచి వంకాయ పొట్ట కిందికి కొంచెం వెలుగు తిరిగి వస్తుంది, చాలా కొద్దిగా. అది పడగానే వంకాయ పళ్లెంలో కూర్చుంటుంది.

అయిపోయిందనుకున్నాక ‘ఎమ్’ నొక్కండి. బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. ఒక పక్కకు ఒరిగిన తప్పులన్నీ ఒక్కసారిగా కళ్లలో పడతాయి. మళ్లీ ఎమ్ నొక్కితే మామూలే. ఇది చూపును మాత్రమే తిప్పుతుంది, బొమ్మను మార్చదు, భయం లేదు.

‘ఏదో నొక్కితే ఏదో అయిపోతోంది’ అన్నారు కదా, దాని గురించి వివరంగానే చెప్పాలి. క్రిటాలో ఒక్క అక్షరం నొక్కితే చాలు, ఏదో ఒకటి మారుతుంది. కాబట్టి చేయి జారడం సహజం. మీకు తగిలే అవకాశం ఉన్నవి చెబుతాను. ఉన్నట్టుండి బ్రష్ గీయడం మానేస్తే, నూటికి తొంభైసార్లు ‘ఇ’ నొక్కి మర్చిపోయి ఉంటారు. అది కాకపోతే ఎక్కడో చిన్న సెలక్షన్ (ఎంచుకున్న భాగం) మిగిలి ఉంటుంది, దాని బయట గీత పడదు. కంట్రోల్, షిఫ్ట్, ఎ కలిపి నొక్కితే పోతుంది. అదీ కాకపోతే లేయర్ చూసుకోండి, కన్ను గుర్తు మూసి ఉందేమో, ఆల్ఫా లాక్ ఉందేమో, వేరే లేయర్ మీద ఉన్నారేమో.

పెట్టెలన్నీ మాయమై ఒట్టి కాగితమే మిగిలితే ట్యాబ్ కీ తగిలింది, మళ్లీ అదే నొక్కండి. ఒకే బొమ్మ పక్కపక్కనే బోలెడన్ని కాపీలుగా కనిపిస్తే ‘డబ్ల్యు’ తగిలింది. కంగారుపడకండి, చీర బార్డరులా ఆగకుండా సాగే డిజైన్ కోసం పెట్టిన సదుపాయం అది, ముందుముందు మీకు చాలా పనికొస్తుంది. వెనక్కి తీసిన గీతను మళ్లీ తెచ్చుకోవడానికి మిగతా ప్రోగ్రాముల అలవాటుతో కంట్రోల్, వై నొక్కితే రంగులు మారినట్టు అనిపించవచ్చు. క్రిటాలో అది ప్రింటులో రంగులెలా వస్తాయో చూపించే మీట. మళ్లీ నొక్కితే పోతుంది. గీత తిరిగి రావడానికి కంట్రోల్, షిఫ్ట్, జెడ్. ఇంకొకటి: తెలుగు టైపింగ్ కోసం కీబోర్డును తెలుగులోకి మార్చుకునే అలవాటుంటే, షార్ట్‌కట్‌లు పలకనప్పుడు కీబోర్డు ఇంగ్లీషులో ఉందో లేదో ముందు చూడండి.

వీటిలో ఏదీ మీ బొమ్మను పాడుచేయదు. ఇంకోసారి టెన్షన్ వస్తే మూసేయకుండా అదే కీ మళ్లీ నొక్కి చూడండి.

లేయర్ల గురించి వేరే పాఠం చెప్పను. శ్రీకాళహస్తి కలంకారీ ఎలా చేస్తారో మీకు తెలిసే ఉంటుంది. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో ముందు బొమ్మ గీస్తారు. దాని మీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన నలుపుతో కలం గీత. తర్వాత ఒక్కో రంగూ వరుసగా. ఏది ముందు, ఏది తర్వాత అన్న క్రమమే అక్కడ ప్రాణం. ఇక్కడా అంతే: కింద స్కెచ్, మధ్యలో రంగు, పైన గీత, వేటికవి వేరు. తేడా ఒక్కటే, ఇక్కడ అడుగున ఉన్నదాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. నేనిది కష్టపడి నేర్చుకున్నాను. మొదట్లో ఒక పిల్లల పత్రికకు ముఖచిత్రం వేశాను, వేపచెట్టు కింద పసుపు చీర కట్టుకున్న అమ్మమ్మ. గీత, రంగు అన్నీ ఒకే లేయర్ మీద వేశాను. పంపాక చీర ఆకుపచ్చ చేయమన్నారు. పసుపు వేళ్ల సందుల్లో, మడతల గీతల్లో అన్నిచోట్లా కలిసిపోయి ఉంది. రాత్రంతా కూర్చుని అమ్మమ్మను మళ్లీ వేశాను.

అలాగని పాత ల్యాప్‌టాప్‌లో ముప్పై లేయర్లు పెట్టకండి. ఏ4 సైజు 300 రిజల్యూషన్ అంటే 2480 బై 3508 పిక్సెళ్లు. నిండా రంగు ఉన్న ఒక్కో లేయర్ దాదాపు 35 ఎంబీ మెమరీ తింటుంది. పది లేయర్లలోపు ఉంటే మీ పనికి చాలు, యంత్రమూ తడబడదు.

మీ పని జాకెట్టు డిజైన్లు కాబట్టి రెండు సంగతులు. పైన టూల్‌బార్‌లో హారిజాంటల్ మిర్రర్ టూల్ ఉంటుంది. ఆన్ చేస్తే కాగితం నడుమ నిలువు గీత వస్తుంది, ఎడమవైపు మీరు గీసిన లత కుడివైపు అప్పటికప్పుడే పడుతుంది. ఇది ఎమ్ కీ లాంటిది కాదు, నిజంగానే రెండు వైపులా గీస్తుంది. ట్రేసింగ్ పేపర్ మడిచి రెండోవైపు దించుకునే పని తప్పుతుంది. వీపు మీద గుండ్రటి పెద్ద పువ్వు కావాలంటే ‘క్యూ’ నొక్కండి, మల్టీబ్రష్ వస్తుంది. దాంట్లో స్నోఫ్లేక్ అనే రకం ఎంచుకుని ఒక్క రేకు గీస్తే చుట్టూ రేకులన్నీ విచ్చుకుంటాయి. మొదటిసారి చూసినప్పుడు నేను గంటసేపు ముగ్గులు వేస్తూ కూర్చుండిపోయాను. ఒక్క మాట: ఎమ్, క్యూ లాంటివి ఎడమ చేతికి దూరమనిపిస్తే మీ ట్యాబ్లెట్ పక్కన బొత్తాలుంటే వాటికి పెట్టుకోవచ్చు, లేదా ‘కాన్ఫిగర్ క్రిటా’లోనే వేరే కీకి మార్చుకోవచ్చు. షార్ట్‌కట్‌లు మీ చేతి కొలతకు కుట్టించుకోవలసినవి.

ఫోటోషాప్ సంగతి. పెద్ద స్టూడియోలో, ప్రకటనల కంపెనీలో ఉద్యోగానికి వెళ్లేవాళ్లకు అది అవసరమే. మీకు ఇప్పుడు కాదు. దానికి నెలనెలా చందా కట్టాలి, మగ్గం వర్క్ చేసేవాళ్లు మిమ్మల్ని అడిగేది గీతే తప్ప ఫైలు ఏ ప్రోగ్రాంలో చేశారని కాదు. ఎప్పటికైనా అటు వెళ్లాల్సి వస్తే మీరు నేర్చుకున్నది వృథా కాదు. లేయర్లు, బ్రష్‌లు, స్పేస్ బార్‌తో జరపడం అక్కడా అంతే. రంగు తీసుకోవడానికి మాత్రం అక్కడ కంట్రోల్ బదులు ఆల్ట్. కావాలంటే క్రిటాలోనే ఫోటోషాప్ పద్ధతి కీలు పెట్టుకునే వీలుంది. ఇప్పుడు పెట్టుకోవద్దు, రెండు పద్ధతులు కలిస్తే చేయి తికమకపడుతుంది.

ఫైలు కంట్రోల్, ఎస్‌తో సేవ్ చేస్తే కేఆర్ఏ అనే రకంలో ఉంటుంది, లేయర్లన్నీ భద్రంగా ఉంటాయి. పెద్ద మార్పు చేసే ముందు కంట్రోల్, ఆల్ట్, ఎస్ నొక్కండి, పేరు చివర అంకె వేసి కొత్త కాపీ తీస్తుంది, పాతది పాతగానే ఉంటుంది. ఖాతాదారుకు పంపేటప్పుడు ఎక్స్‌పోర్ట్ చేసి పీఎన్‌జీ తీయండి. వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే సన్నగీతలు అలుక్కుపోతాయి.

చివరగా, గుడ్డ మీదికి డిజైన్ దించే చిల్లుల కాగితం. జిరాక్స్ షాపులో ప్రింటు తీయించేటప్పుడు ‘యాక్చువల్ సైజ్’ అని గట్టిగా చెప్పండి. ‘ఫిట్ టు పేజ్’ పెట్టి తీశారంటే మెడ కొలత మారిపోతుంది. క్రిటాలో మీరు డిజైన్‌ను అసలు కొలతలతోనే వేసుకోవాలి: మెడ డిజైన్ 10 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల పొడవైతే 300 రిజల్యూషన్‌లో 3000 బై 3600 పిక్సెళ్ల కాగితం. అది ఏ4లో పట్టదు కాబట్టి ఏ3 మీద తీయమనండి. ప్రింటు చేతికి రాగానే టేపు పెట్టి కొలిచి, సరిపోయాకే సూదితో చిల్లులు పెట్టండి.